దశరథం ఇంటి అడ్రసు

సంధ్యారాణికి ఊరుకోవడం తెలియదు. ఈ మాట నేను చాటున అనడం లేదు, ఆమె ముఖం మీదే ఎన్నోసార్లు అన్నాను. సూరత్‌లోని లింబాయత్ పేటలో మేముండే మేడ మీద రెండు వాటాలు. ఒకదాంట్లో నేనుంటాను, రెండోదాంట్లో ఆమె. మున్సిపాలిటీ తెలుగు బడిలో ఆమె చేత అక్షరాలు దిద్దించింది నేనే. అప్పుడూ అంతే. తరగతిలో ఎవరిని ప్రశ్న అడిగినా ముందు లేచి నిలబడేది ఆమె. పక్కపిల్ల పలక విరిగితే ఏడ్చేదీ ఆమే.

ఊళ్ళో వాళ్ళ పనులన్నీ నెత్తిన వేసుకునే మనుషులంటే నాకు చిరాకు. అయితే నా పెన్షన్ కాగితాల నుంచి గ్యాస్ బుకింగ్ దాకా అన్నీ ఆమె చేతి మీదుగానే జరుగుతాయి కాబట్టి నా చిరాకును ఎవరూ పట్టించుకోరు. పొద్దంతా ఇంట్లో కూర్చుని చీరలకు స్టోన్లు అతికిస్తుంది. వేళ్ళకు గమ్ము, చెవికి ఫోను ఎప్పుడూ అంటుకునే ఉంటాయి. భర్త మస్కట్‌లో డ్రైవరు. పిల్లలు కలగలేదు. పిల్లలు లేరన్న దిగులు ఆమె ముఖంలో నేనెప్పుడూ చూడలేదంటే దానికి కారణం చెల్లెలు ఊర్మిళ. తల్లి పోయేనాటికి ఊర్మిళ పాకే పిల్ల. చంకన వేసుకుని బడికి తెచ్చేది సంధ్యారాణి. నేను కోప్పడితే, "ఇంటికాడ ఎవ్వరు లేరు సార్" అనేది. ఆ పిల్లకు స్నానం పోసింది, జడ వేసింది, చదివించింది, చివరికి నరహరికి ఇచ్చి పెళ్ళి కూడా ఆమే చేసింది.

నరహరి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తాడు. నెమ్మదస్తుడు. అతని కార్ఖానా ఖాడీకి అవతల, ఇల్లు ఇవతల. ఇల్లంటే ఖాడీ ఒడ్డున నేలకు ఆనుకుని ఉన్న ఒక రేకుల గది. ఖాడీ అంటే వాగే, కాకపోతే మా సూరత్‌లో అది వానాకాలంలో తప్ప మిగతా రోజుల్లో మురుగే మోస్తుంది. ఆ గదిలో నరహరి, ఊర్మిళ, నరహరి తల్లి బాలవ్వ. బాలవ్వకు పక్షవాతం వచ్చి ఒక పక్కంతా పడిపోయింది. మాట కూడా పోయింది. ఊర్మిళ ఆమెకు అన్నం తినిపించడం, పక్క మార్చడం చూసి సంధ్యారాణి నాతో ఒకసారి గర్వంగా అంది, "నేను పెంచిన పిల్ల సార్ అది."

మా వాళ్ళ అడ్రసు సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

సిరిసిల్ల వైపు నుంచి సూరత్‌కు బతకడానికి వచ్చిన మా పద్మశాలీలలో, మా ఊరి వాళ్ళ వరకు, సొంత ఇల్లు కొనుక్కున్న మొదటివాడు దశరథం. మిగతా వాళ్ళంతా కిరాయి గదుల్లోనే. ఈ గదుల యజమానులు నెల నెలా కిరాయి తీసుకుంటారు గానీ కాగితం మాత్రం రాసివ్వరు. కాగితం లేకపోతే ఆధార్ లేదు, గ్యాస్ లేదు, పిల్లలకు బడి లేదు. అందుకని అందరూ దశరథం ఇంటి నంబరే ఇచ్చుకున్నారు. గదులు మారుతుంటాయి, గల్లీలు మారుతుంటాయి, కార్డు మీద మాత్రం దశరథం ఇల్లే. నిజానికి ఆ ఇంట్లో ఉండేది దశరథం, ఆయన భార్య, ఒక పాత కుట్టుమిషను. కార్డుల లెక్కన చూస్తే ఒక ఊరు ఊరంతా అందులోనే కాపురం ఉంటుంది.

ఆ లెక్క నిలబెట్టే భారం దశరథానిది. పోస్టుమాన్ వచ్చి పేరు అడిగినా, బ్యాంకు మనిషి వచ్చి అడిగినా, కార్డు కోసం విచారణకు వచ్చినవాడు అడిగినా, ఆయన గుమ్మంలో నిలబడి ఒకటే మాట చెప్పేవాడు. "హా భాయ్, యహీ రహతే హై." ఇక్కడే ఉంటారు. ఏ పేరూ పూర్తిగా వినేవాడు కూడా కాదు. అది అబద్ధమని ఆయనెప్పుడూ అనుకోలేదు. మా వాళ్ళెవరు ఎక్కడున్నా తన నీడలో ఉన్నట్టేనని ఆయన నమ్మకం. ఆ ఒక్క మాట వల్ల ఎంతమంది పిల్లలు బడిలో చేరారో నాకు తెలుసు. అందుకే ఆయనంటే మా అందరికీ ప్రాణం.

ఇక ఆ కార్డుల మీద ఉన్నది ఉన్నట్టు ఫారాలు నింపడం అందరికీ నేర్పింది సంధ్యారాణి. "కార్డుల ఎట్లుంటే గట్లనే రాయాలె. ఒక్క అక్షరం ఫరక్ వచ్చినా వాపస్ కొడ్తరు" అని చెప్పీ చెప్పీ అలవాటు చేసింది. ఇప్పుడు మా వాళ్ళలో ఎవరికి ఏ ఫారం చూపించినా చేతులు వాటంతట అవే కార్డు కోసం వెతుకుతాయి.

నేను చెప్పబోయే వరదకు ముందు ఏడు ఖాడీ పొంగినప్పుడు, సూరత్‌లోనే ఉన్న అడాజన్ నుంచి మధులత అనే ఆవిడ మా పేటకు అన్నం పొట్లాలు తెచ్చింది. భర్త హజీరాలో ఇంజనీరు. కృష్ణా జిల్లా మనిషి, మాట మెత్తన. వచ్చిన దగ్గర నుంచీ సంధ్యారాణి ఆమె వెంటే తిరిగి ఏ గల్లీలో ఎవరు ఆకలితో ఉన్నారో చూపించింది. వెళ్ళేటప్పుడు మధులత ఆమె నంబరు తీసుకుంది.

తర్వాత ఆవిడ ఒక గుంపు కట్టింది. నీళ్ళలో దిగే గుంపు కాదు, ఫోన్లు పట్టుకుని ఇళ్ళలో కూర్చునే గుంపు. పుణెలో ఒకరు, హైదరాబాద్‌లో ఒకరు, ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు. వరదలో చిక్కుకున్నవాళ్ళు ఒక లింకు నొక్కి ఫారం నింపుతారు. రాయడం రానివాళ్ళు నోటితో చెప్పి పంపుతారు. వాటిని ఈ గుంపు మ్యాప్ మీద చుక్కలుగా పెడుతుంది. సాయం అందాల్సిన చుక్క ఎరుపు, బోటు బయలుదేరితే పసుపు, మనుషులు క్షేమమైతే పచ్చ. బోట్లు నడిపే కుర్రాళ్ళు ఆ మ్యాప్ చూసుకుంటూ వెళతారు. తెలుగులో వచ్చే మాటలు విని రాసిపెట్టే పని సంధ్యారాణికి ఇచ్చారు. ఆ రోజు ఆమె ఆనందం చూడాలి. మేడ మీదికి వచ్చిన పాలవాడికి కూడా మ్యాప్ చూపించింది. మా వాళ్ళందరి ఫోన్లలో ఆ లింకు తనే పెట్టింది. "మ్యాప్ అక్క" అని నేను ఏడిపిస్తే మురిసిపోయింది.

ఖాడీ మళ్ళీ పొంగిన రోజున మా పేటలో పెద్ద వాన కూడా లేదు. పైన కామ్‌రేజ్ వైపు కురిసిందంతా ఖాడీలో పడి మా మీదికి వచ్చింది. పొద్దున పళ్ళు తోముకుంటూ కిందికి చూస్తే గల్లీలో నీళ్ళు. టిఫిన్ వేళకు స్కూటర్ల సీట్లు మునిగాయి. కరెంటు తీసేశారు. నా దగ్గరున్న చార్జింగ్ డబ్బా సంధ్యారాణికి ఇచ్చి ఆమె గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

మొదటి ఫోను ఊర్మిళదే. స్పీకర్లో ఉంది కాబట్టి నేనూ విన్నాను.

"అక్కా, నీళ్ళు లోపల్కి వచ్చినయ్. మంచం కోళ్ళు మునిగినయ్."

"నువ్వు బయటికి రా ముందుగాల. అత్తమ్మను పట్టుకొమ్మని ఎవరినన్న పిలువు."

"ఎవరున్నరక్కా? గల్లీల అందరు పొద్దుగాల్నే సామాన్లు పట్టుకొని పోయిండ్రు. అత్తమ్మ చెయ్యితోని నన్ను పో పో అంటుంది. ఎట్ల పోత చెప్పు?"

సంధ్యారాణి గొంతు గట్టిగానే ఉంచింది. "భయపడకు. లింకుల ఫారం నింపు. నా సొంతోళ్ళ పేర్లు నేను ఎక్కియ్యొద్దు, అది రూలు. లేకుంటే అందరు తమ తమ వాళ్ళనే ముందుగాల ఎక్కిస్తరు. నువ్వు రాసుడొచ్చినదానివి, నువ్వే నింపు. తప్పు లేకుంట నింపు, వాపస్ రావద్దు."

"సరే అక్కా" అంది ఊర్మిళ.

ఆ పిల్ల ఏం చేసిందో తర్వాత తనే చెప్పింది. గూట్లో ఉన్న ప్లాస్టిక్ సంచి తీసి, అందులోంచి కార్డు తీసి, మోకాళ్ళ నీళ్ళలో నిలబడి, కార్డు మీద ఉన్నది ఉన్నట్టు అడ్రసు రాసింది. అక్క చెప్పినట్టే ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఉన్న చోటు తనంతట తాను పంపే బొత్తం ఆమె పాత ఫోనులో పనిచేయలేదు.

కాసేపటికి ఊర్మిళ పేరు ఎరుపులో వచ్చింది. ఇద్దరు, ఒకరు లేవలేరు అని ఉంది. సంధ్యారాణి ఫోనును కళ్ళకద్దుకుంది. ఆ చుక్క మ్యాప్‌లో ఎక్కడ పడిందో చూసే తీరిక ఆమెకు లేదు. ఒకటి వినేలోపు మరో నాలుగు గొంతులు వచ్చి పడుతున్నాయి. ఒకామె ఏడుస్తోంది, ఒకాయన తిడుతున్నాడు, ఎవరో ముసలాయన ఊరికే దగ్గుతూనే ఉన్నాడు. అన్నీ విని, రాసి, పంపుతోంది. చుక్కలు పెట్టేది పుణెలో ఒకమ్మాయి. ఒకే అడ్రసు నుంచి చాలా ఫారాలు వస్తే వాటన్నిటినీ ఒక్కటిగా కలపాలని ఆ గుంపు కట్టుబాటు. ఒకే ఇంట్లోవాళ్ళు కంగారులో ఒకరి తర్వాత ఒకరు నింపుతారు కదా, బోటు ఒకే ఇంటికి పదిసార్లు తిరగకూడదు కదా. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఒకే ఇంటి నంబరుతో వచ్చిన మా వాళ్ళ ఫారాలన్నీ ఒక్క చుక్కగా కలిపేసింది.

ఈలోగా నరహరి ఫోను.

"వదినా, ఊర్మిళ ఫోన్ కలుస్తలేదు. నేను ఇంటికి పోతున్న. కల్వర్టు కాడికి వచ్చిన. నీళ్ళు బగ్గ ఉన్నయ్. అవుతల దిక్కు కనిపిస్తుంది, పోవాలె, ఎట్లనన్న పోత."

"జాగ్రత్త నరహరీ, తాడు గీడు ఏమన్న పట్టుకో..." అంటూనే ఆమె మ్యాప్ వైపు చూసింది. చూసి, కుర్చీలోంచి నేను ఉలిక్కిపడేలా అరిచింది. "పచ్చ! పచ్చ పడ్డది నరహరీ! ఊర్మిళ పేరు మీద, అత్తమ్మ పేరు మీద పచ్చ పడ్డది! బోటు వచ్చింది! నువ్వు ముందుకు పోకు. ఇగ వాపస్ పో. నీకేమన్న అయితే ఆళ్ళిద్దరు ఏం గావాలె?"

"నిజమేనా వదినా?"

"నా కండ్లతోని చూస్తున్న కదా! వాపస్ పో, కార్ఖానాల కూసో."

ఫోను పెట్టేసి ఆమె ఏడ్చింది. నేనూ కళ్ళు తుడుచుకున్నాను. ఊర్మిళ ఫోను కలవకపోవడం మాకు అనుమానమే కలిగించలేదు. బోటెక్కేటప్పుడు తడిసి ఉంటుంది అనుకున్నాం. బడిలో పెట్టిన శిబిరానికి తీసుకుపోయి ఉంటారు అనుకున్నాం. నేను స్టవ్ వెలిగించి చాయ్ పెట్టాను. ఆమె తాగుతూ, "అత్తమ్మకు బోటు ఎక్కుడు ఎట్లయ్యిందో ఏమో, కుర్రాళ్ళు ఎత్తుకున్నరేమో, సిగ్గుపడ్డదేమో" అని నవ్వింది కూడా. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. గుర్తొస్తే అన్నం సహించదు.

ఆ తర్వాత చాలాసేపు ఆమె అందరి పని చేసింది. మాటలు వినడం, రాయడం, ధైర్యం చెప్పడం. "మా చెల్లెకు వచ్చింది బోటు, నీకు కూడ వస్తది" అని ఎంతమందికి చెప్పిందో.

మధ్యాహ్నం దాటాక దశరథం ఫోను చేశాడు. గొంతు ఉత్సాహంగా ఉంది.

"బిడ్డా సంధ్యా, ఏం ఫికరు పెట్టుకోకు. పొద్దుగాల ట్యూబు బోటు మీద పోరగాండ్లు వచ్చిండ్రు. మన గల్లీల మోకాలు బంటి నీళ్ళు, నేను పైన నిలవడ్డ. కిందికెంచి ఒక్కొక్క పేరు చదివిండ్రు. ఊర్మిళ ఉందా, బాలవ్వ ఉందా, పరమేశ్ ఉన్నడా అని. అందరి పేర్లు అడిగిండ్రు."

"నువ్వేమన్నవ్ మామా?" అంది సంధ్యారాణి. ఆమె చేతిలోని గ్లాసు అప్పటికే వంగిపోయి చాయ్ ఒళ్ళో కారుతోంది.

"ఏమంట? అందరు ఈడ్నే ఉంటరు భాయ్, సబ్ ఠీక్ హై అన్న. వరద సర్వే ఉన్నట్టుంది. ఒక్క పేరు కూడ పోనియ్యలే బిడ్డా."

ఆమె ఫోను నేల మీద పెట్టి, దాని వైపే చూస్తూ, రెండు చేతులతో తల పట్టుకుంది. నాకు విషయం తలకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఊర్మిళ దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. ఊర్మిళే కాదు, మా వాళ్ళలో ఫారం నింపిన ఎవరి దగ్గరికీ ఎవరూ వెళ్ళలేదు. దశరథం అన్న ఆ ఒక్క మాటతో కలిపిన చుక్క పచ్చబడింది, అందులోని పేర్లన్నీ పచ్చబడ్డాయి. బోట్లు ఎర్ర చుక్కలు వెతుక్కుంటూ వేరే పేటలకు వెళ్ళిపోయాయి.

"మామా, నువ్వు చంపినవు" అని ఆమె అనలేదు. నేనైతే అనేవాణ్ణి. ఆమె మధులతకు ఫోను చేసింది.

"మేడం, ఆ పచ్చలన్ని అబద్ధం. వాళ్ళు ఆ ఇంట్ల లేరు. ఎవ్వరు లేరు. అది కార్డు అడ్రసు మేడం, ఉండే అడ్రసు కాదు."

మధులత అప్పటికే మ్యాప్ తెరిచింది. "అయ్యో దేవుడా. అన్నీ ఎరుపు చేస్తున్నాను సంధ్య గారూ, ఇప్పుడే చేస్తున్నాను. కానీ చుక్క ఎక్కడ పెట్టమంటారు? వాళ్ళు నిజంగా ఉండేది ఎక్కడ?"

అదే ప్రశ్న. మా వాళ్ళ గదులకు నంబర్లు లేవు. గల్లీలకు పేర్లు లేవు. కొత్తగా మారినవాళ్ళు ఏ గదిలోకి మారారో పక్కవాళ్ళకు తప్ప తెలియదు. ఊర్మిళ గది సంధ్యారాణికి తెలుసు కాబట్టి ముందు అది చెప్పింది. పిండి గిర్నీ దాటి ఎడమకు, ఖాడీ గోడ కూలిన చోట, ఆకుపచ్చ తలుపు. రూలు సంగతి ఈసారి ఆమె ఎత్తలేదు, మధులతా ఎత్తలేదు. మిగతావాళ్ళ కోసం మా ఊరి వాళ్ళ గ్రూపులన్నిటిలో తన గొంతుతోనే పంపింది. "మీ వాళ్ళు సూరత్‌ల నిజంగ ఏ గదిల ఉంటరో తెలిసినోళ్ళు చెప్పుండ్రి. కార్డు అడ్రసు వద్దు. దండం పెడ్త, కార్డు అడ్రసు చెప్పకుండ్రి."

జవాబులు వచ్చాయి. సిరిసిల్ల నుంచి, భివండీ నుంచి, షోలాపూర్ నుంచి. పెళ్ళికి వచ్చినప్పుడు ఒకసారి చూసినవాళ్ళు, పురుటికి వచ్చి నెల ఉండిపోయినవాళ్ళు, పాత గొడవలతో మాటలు మానేసినవాళ్ళు కూడా చెప్పారు. ఫలానావాళ్ళ మెట్ల కింద మేకలు కడతారు. ఫలానావాళ్ళ కిటికీలోంచి మసీదు మినారు కనిపిస్తుంది. సంధ్యారాణి వింటూ గుర్తుపట్టడం, మధులత చుక్క పెట్టడం. మా మనుషులు ఎక్కడ బతుకుతున్నారో మొట్టమొదటిసారి ఒక చోట రాసింది ఆ రోజే. అందుకు సంతోషించాలో, గోడకు తల బాదుకోవాలో నాకు తెలియలేదు.

బోట్లు మాత్రం రెండే. రెండూ దూరంగా ఉన్నాయి. ఊర్మిళ చుక్క ఎర్రగానే ఉంది.

"సార్, ఈ ఫోన్ పట్టుకోండ్రి, నేను పోతా" అని సంధ్యారాణి ఒక్కసారిగా లేచి మెట్లు దిగింది. నేను పైనుంచి అరుస్తూనే ఉన్నాను. నడుము లోతులో గల్లీ మలుపు దాకా వెళ్ళింది. మలుపు తిరగ్గానే నీళ్ళు మెడకొచ్చాయి. ఈత రాదు. కరెంటు స్తంభం పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయింది. ఈలోగా నా చేతిలోని ఫోనులో ఎవరో పిల్లాడు, మా గది జాడ చెప్పమన్నాడు నాన్న అంటూ ఏవో గుర్తులు చెబుతున్నాడు. నాకు ఆ గల్లీలు తెలియవు. "సంధ్యా, వెనక్కి రా, వీళ్ళ జాడ నీకే తెలుసు" అని కేకేశాను. ఆమె నా వైపు చూసిన చూపులో నా మీద ఎంత కోపముందో నాకు అర్థమైంది. వెనక్కి వచ్చింది. తడి బట్టలతోనే కూర్చుని ఫోను అందుకుంది.

చివరికి చుక్క పసుపుగా మారింది. బోటు నడిపే మహేశ్‌భాయ్ ఫోను చేసి దారి చెబుతూ ఉండమన్నాడు. సంధ్యారాణి కళ్ళు మూసుకుని చెప్పసాగింది. "ఆటా చక్కీ దిఖా? ఉస్కే బాద్ లెఫ్ట్. దీవార్ టూటా హై నా, వహా." నీళ్ళ చప్పుడు, తెడ్డు గోడకు కొట్టుకున్న చప్పుడు, కుర్రాళ్ళ కేకలు. "కోయీ హై? బెన్, కోయీ హై?"

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నగా, తలుపు వెనకనుంచి, ఒక గొంతు.

"ఉంది! ఊర్మిళే! నా చెల్లె గొంతే!" సంధ్యారాణి నా చెయ్యి పట్టుకుంది. గమ్ము ఎండిన ఆమె గోళ్ళు నా చర్మంలో దిగాయి.

రేకు తలుపు విరగ్గొట్టిన చప్పుడయింది. ఎవరో "అరే రామ్" అన్నారు. మహేశ్‌భాయ్ ఫోను దగ్గరికి వచ్చాడు. "బెన్ ఠీక్ ఛే" అన్నాడు, అమ్మాయి బాగానే ఉందని. ఆగాడు. "మాజీ ఆఫ్ థై గయా."

ముసలమ్మ పోయిందని. సూరత్‌లో మనిషి పోయారని చెప్పడానికి అదే మాట. మామూలుగా చెప్పుకునే మాట. ఆ మాట నేను ఎన్ని వందలసార్లు విన్నానో. ఆ రోజు మాత్రం ఆ అబ్బాయి మీద అరవాలనిపించింది.

ఊర్మిళ మంచం మీద ట్రంకు పెట్టె పెట్టి, దాని మీద అత్తను ఆనించి, నీళ్ళు పెరిగేకొద్దీ ఆమె తలను తన భుజం మీదికి ఎత్తుకుంటూ నిలబడింది. పొద్దుటి నుంచీ అలాగే. కుర్రాళ్ళు బతికినవాళ్ళను ముందు తీసుకెళ్ళాలని, మళ్ళీ వస్తామని చెబితే వినలేదు. వదలలేదు. ఇద్దరినీ కలిపే బోటులో ఎక్కించాల్సి వచ్చింది. శిబిరంలో డాక్టరు బాలవ్వ చెయ్యి పట్టి చూసి, ప్రాణం పోయి ఎంతోసేపు కాలేదమ్మా అన్నాడు. ఓదార్పుకే అన్నాడు పాపం. అంతకంటే క్రూరమైన మాట నేను వినలేదు.

మిగతావాళ్ళంతా బతికారు. కొందరిని రేకుల మీదనుంచి దింపారు, కొందరిని మెట్ల మీదనుంచి. అదొక ఊరట అని అందరూ అన్నారు. సంధ్యారాణికి కాదు. మధులత వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుని ఏడ్చింది. దశరథం రెండుసార్లు వచ్చి గుమ్మం దగ్గరనుంచే తిరిగిపోయాడు. ఊర్మిళ అక్కను ఒక్క మాటా అనలేదు. "నేను అరుసుడు బంద్ చెయ్యలే అక్కా, ఎవరో వస్తరని తెలుసు" అని మాత్రం అంది. ఆ పిల్ల గొంతు చాలా రోజులు బొంగురుగానే ఉండిపోయింది.

దినాలు అయ్యాక ఒక సాయంత్రం నరహరి మేడ ఎక్కాడు. తల గొరిగించుకుని ఉన్నాడు. నేను వరండాలోనే ఉన్నాను. లేచి లోపలికి పోబోతే సంధ్యారాణి వద్దన్నట్టు చూసింది. ఒక్కతే అతని ఎదుట నిలబడటానికి ఆమెకు ధైర్యం లేదు.

నరహరి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నన్ను తిట్టు నరహరీ" అంది సంధ్యారాణి. "కొట్టు. చెప్పుతోని కొట్టు. గిట్ల ఊకె కూసోకు. పోతున్నోన్ని ఆపింది నేనే. నేను ఆపకుంటే అత్తమ్మ బతుకుతుండె."

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఆ కల్వర్టు కాడ నీళ్ళు నా ఛాతీ దాకొచ్చినయ్ వదినా. కాలు కింద ఆన్తలేదు. గప్పుడే నువ్వు పచ్చ పడ్డదన్నవు. వాపస్ పో అన్నవు."

"అన్న. నేనే అన్న."

"నువ్వు గట్లన్నందుకు నాకు సంతోషమైంది వదినా" అన్నాడు నరహరి. ఆమె వైపు చూడలేదు, చేతుల వైపు చూసుకుంటున్నాడు. "అవ్వ బతికిందని కాదు. నేను పోనక్కర లేదని. నిజమేనా అని ఒక్కసారే అడిగిన చూడు. రెండోసారి అడగలే. మంచిగ చూసి చెప్పు అంటే, ఎక్కడ పొమ్మంటవో అని అడగలే."

సంధ్యారాణి అతని పక్కన కూలబడింది. ఏదో అనబోయింది. అతను అననివ్వలేదు, లేచి నిలబడ్డాడు.

"ఈ ముచ్చట ఊర్మిళకు చెప్పకు" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.